చివరి రేసు ఎప్పుడు

ఆగస్టు 5, మంగళవారం

మళ్ళీ మార్చారు. పదో తారీఖున జరగాల్సిన చివరి రేసు పదిహేడుకి వెళ్ళింది. మధ్యాహ్నం మా బైకు రేసుల క్లబ్బు సెక్రెటరీ దగ్గర్నుంచి మెసేజ్: "అనివార్య కారణాల వల్ల చివరి రేసు ఒక వారం వాయిదా వేయడమైనది." ఎవరికి అనివార్యం? ఏం కారణం? అది మాత్రం ఉండదు. జూన్‌లో రేసు మార్చినప్పుడూ ఇదే మెసేజ్, ఒక్క అక్షరం తేడా లేదు. దాచిపెట్టుకుని తారీఖు మార్చి పంపుతున్నాడేమో.

పదిహేడు ఆదివారం నాకు డ్యూటీ. ఆదివారాలు నాకూ పనిలో నా జోడీకీ వారం విడిచి వారం వంతు. ఊళ్ళో మా కంపెనీ లిఫ్టు ఏది ఆగిపోయినా ఆ రోజు వంతున్నవాడే పరిగెత్తాలి. ఈ సంగతి సెక్రెటరీకి తెలియదా? ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. ఇద్దరం కలిసి డొక్కు బైకులు కొని, వాటిని విప్పి, మళ్ళీ బిగించడం రాక ఏడ్చినవాళ్ళం. తెలిసే వేశాడు.

పొద్దున పనిలో పానా చేతిలోంచి జారి లిఫ్టు గుంటలో పడింది. నూనె చేతులు.

ఆగస్టు 7

జోడీని బతిమాలాను. పదిహేడు అతను చూసుకుంటాడు, బదులుగా ఇరవై నాలుగు నేను చూడాలి. ఒప్పించడానికి రెండు టీలు తాగించి ఒక ఉపన్యాసం వినాల్సి వచ్చింది. "ఈ వయసులో నీకీ రేసులేంటన్నా?" అంటాడు.

వయసు గురించే కదా నా తాపత్రయమంతా. డిసెంబరుకి యాభై నిండుతాయి. యాభై దాటినవాళ్ళని మా క్లబ్బు వేరే రేసులో వేస్తుంది. కుర్రాళ్ళు దాన్ని పెన్షన్ రేసు అంటారు. అసలు రేసులో కప్పు కొట్టడానికి నాకిదే ఆఖరి అవకాశం, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ ఏడు అల్లుడు నాకంటే ఒక్క పాయింటు ముందున్నాడు. సెక్రెటరీకి అల్లుడు కాబట్టి క్లబ్బులో అందరికీ అల్లుడే, అసలు పేరు వాడికే గుర్తుందో లేదో. చివరి రేసులో వాడికంటే ముందు వస్తే కప్పు నాది. సెప్టెంబరు ఆఖరులోగా రేసు జరగకపోతే సీజను మూసేస్తారు, కప్పు వాడిది. ఎవరికి అనివార్యమో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆవిడకి చెప్పాను. క్లబ్బులో టైము చూసేది మా ఆవిడే. రేసు ముగిసే గీత పక్కన బల్ల వేసుకుని స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటుంది. "ఒక్క వారమేగా, కొంపలేం మునిగాయి?" అంది. అలాగే వచ్చే గురువారం డాక్టరు దగ్గర టోకెను తీసుకున్నానంది. నా చేతి గురించి. ఏప్రిల్‌లో బైకు మీంచి పడ్డప్పుడు వేళ్ళకి కాస్త తిమ్మిరి పట్టింది, అంతకుమించి ఏమీ లేదు. సరేనన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

రేసు జరగాల్సిన రోజు. ట్రాకు ఖాళీ. ఊరికే నాలుగు చుట్లు తిప్పి వచ్చాను.

ఆఖరి మలుపు దగ్గర నా అంత ఆలస్యంగా బ్రేకు పట్టేవాడు క్లబ్బులో లేడు. మేలోనూ జూన్‌లోనూ అల్లుణ్ణి అక్కడే దాటాను. మిగతావాళ్ళందరూ మలుపుకి ముందున్న పచ్చ బోర్డు దగ్గరే పట్టేస్తారు, నేను బోర్డు దాటాక. "ముసలాయనకి గుండెధైర్యం ఎక్కువ" అని టైర్ల షాపాయన అందరి ముందూ అన్నాడు. ముసలాయన అనకుండా ఉండాల్సింది. మిగతాది నిజమే.

ఆగస్టు 14

డాక్టరు దగ్గరికి వెళ్ళడం కుదరలేదు. బట్టల దుకాణంలో లిఫ్టు ఆగింది. జోడీ తను వెళ్తానన్నాడు కానీ అక్కడి మోటారు సంగతి వాడికి తెలియదు.

ఆగస్టు 16, శనివారం

ఇరవై నాలుగుకి మార్చారు! రేపు రేసు పెట్టుకుని! బైకుని ట్రాలీ ఎక్కించి తాళ్ళు బిగించాక! అనివార్య కారణాల వల్లట!

ఇరవై నాలుగు నేను జోడీకి మాటిచ్చిన ఆదివారం. వాడు పిల్లల్ని తీసుకుని ఊరెళ్తున్నాడు, టిక్కెట్లు కూడా కొనేశాడు. ఇక వాడి కాళ్ళమీద పడ్డా లాభం లేదు. పదిహేడు నాకు కుదిరేలా చేసుకున్నానని తెలిసిన మరుక్షణం ఇరవై నాలుగు చేశారు. నాకు పిచ్చి ఉందనుకుంటున్నారా?

మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది, దాన్ని తగలెయ్యాలి. తేదీ కుదరనివాళ్ళెవరైనా సెక్రెటరీ చెవిన వేస్తే చాలు. సబబనిపిస్తే ఆయన మారుస్తాడు. ఎవరడిగారో, ఎందుకడిగారో మనం అడగకూడదు, ఆయన చెప్పకూడదు. ఎవరింట్లో ఏం గొడవ ఉంటుందో, నలుగురి ముందూ ఎందుకు చెప్పుకోవాలి అని, పదిమందిమి ఉన్న రోజుల్లో పెట్టుకున్నది. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు నేనూ ఒకసారి అడిగాను, అదే రోజు మార్చారు. అది వేరు. అప్పుడు అందరం ఒక్కటి. ఇప్పుడు ఆ ఆచారం చాటున మామా అల్లుళ్ళు కప్పు ఇంటికి పట్టుకుపోతున్నారు.

ట్రాలీ తాళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి గట్టిగా పడింది. చివరికి ఆవిడ వచ్చి విప్పింది.

ఆగస్టు 21

ఆసుపత్రికి వెళ్ళాను. గేటు దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. తిరిగొచ్చేశాను. ఆవిడతో డాక్టరు లేడని చెప్పాను. ఒక రకంగా నిజమే, నాకైతే కనపడలేదు.

ఆగస్టు 22

"చివరి రేసు తేదీ తరువాత తెలియజేయబడును."

తెలియజేయబడునట!

ఆగస్టు 23, శనివారం

సెక్రెటరీ ప్రింటింగ్ షాపుకి వెళ్ళాను. మిషను ఏదో పెద్ద బ్యానరు బయటికి నెడుతోంది. నన్ను చూసి ఆపేశాడు.

"రా రా, కూర్చో. టీ చెప్పనా?"

"టీ వద్దు. తేదీ చెప్పు."

"చెప్తాగా. కాస్త ఓపిక పట్టు."

"ఎవరడిగార్రా?"

"అది చెప్పకూడదని నీకు తెలీదా?"

"నీ అల్లుడేగా?"

నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "వాడా? రేసంటే ఈ నిమిషంలో పెట్టినా చెప్పులతో వచ్చేస్తాడు వాడు."

"మరెవరు?"

బ్యానరు అంచు సరిచేశాడు. తర్వాత, "నీ చెయ్యెలా ఉంది?" అన్నాడు.

మాట మార్చడంలో మొనగాడు. ఎప్పుడూ అంతే, పరీక్షల్లో మార్కులెన్ని అని మాస్టారు అడిగితే మీ అబ్బాయి బాగున్నాడా అనేవాడు.

"నా చెయ్యి బాగానే ఉంది సెక్రెటరీ గారూ," అన్నాను. "ముప్ఫయ్యో తారీఖు క్లబ్బు మీటింగులో మాట్లాడుకుందాం. మీరు తప్పకుండా రండి."

నేను 'మీరు' అనేసరికి మొహం చిన్నబోయింది. చిన్నబోనీ. ఇన్నేళ్ళ స్నేహానికి ఆ మాత్రం దాచకుండా చెప్పలేనివాడికి 'మీరు' అనడమే ఎక్కువ.

ఆగస్టు 26

ఇరవై మందితో మాట్లాడాను. ఇకనుంచి తేదీ మార్చమని అడిగినవాళ్ళ పేరు, కారణం అందరికీ చెప్పి తీరాలి, ఇదీ నా తీర్మానం. అందరూ సై అన్నారు. కుర్రాళ్ళయితే నన్ను భుజాలమీద మోసేలా ఉన్నారు.

ఆవిణ్ణి కూడా అడిగాను. "నువ్వు నాకే ఓటెయ్యాలి."

"వేస్తే ఏమవుతుంది?"

"అన్నీ బయటికొస్తాయి."

"బయటికి రావాల్సిందేనంటారా?" నా చొక్కా గుండీలు పెడుతూ అడిగింది.

"రావాల్సిందే. దాచుకోవడానికి ఏముంది?"

"సరే," అంది.

సాయంత్రం టీ గ్లాసు పగిలింది. ఆ గ్లాసులు మరీ నున్నగా ఉన్నాయి, వాటిని మార్చాలి.

ఆగస్టు 30, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపు నాకు నేనే ఇంకో రకంగా చెప్పుకుంటాను.

ట్రాకు పక్కన రేకుల షెడ్డులో మీటింగు. కుర్చీలు చాలక కుర్రాళ్ళు టైర్ల మీద కూర్చున్నారు. మా ప్రెసిడెంటు లెక్కల మాస్టారు, రిటైరైనా చాక్‌పీసు జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. నేను లేచి తీర్మానం చదివాను. గొంతు బాగానే పలికింది. చీకట్లో తేదీలు మార్చే క్లబ్బుకీ చీట్లపేక క్లబ్బుకీ తేడా ఏమిటన్నాను. చప్పట్లు కొట్టారు.

సెక్రెటరీ లేచాడు. "నాకు అభ్యంతరం లేదు. వచ్చే సీజను నుంచి పెట్టుకుందాం."

"వచ్చే సీజను ఎందుకు?" అన్నాను. "ఈ సీజను నుంచే. ఈ ఏడాది మారిన ప్రతి తేదీకీ."

"ఒరే, వద్దు," అన్నాడు. మీటింగులో అందరి ముందూ ఒరే అన్నాడు. "నా మాట విను. వచ్చే ఏడాది నుంచి."

"ఎందుకు భయం?" అన్నాను. కుర్రాళ్ళు ఈల వేశారు.

మాస్టారు చేతులెత్తమన్నారు. దాదాపు అందరూ ఎత్తారు. అల్లుడు కూడా ఎత్తాడు, అది నాకు వింతగా అనిపించింది. అందరికంటే ఆఖర్న, టైము బల్ల దగ్గర కూర్చున్న మా ఆవిడ ఎత్తింది. తీర్మానం నెగ్గింది. నా జీవితంలో నేను నెగ్గిన మొదటి ఓటు.

"చెప్పండి సెక్రెటరీ గారూ," అన్నాను. "జూన్‌తో మొదలుపెట్టండి."

ఆయన నోరు తెరవకముందే టైర్ల షాపాయన లేచాడు. ఎప్పుడూ అందరినీ నవ్వించే మనిషి. "జూన్ నాది. మా ఆవిడ పుట్టింటికెళ్ళిపోయింది. రమ్మని అడగడానికెళ్ళా," అన్నాడు. "రాలేదులే," అని కూర్చున్నాడు. నాకు అక్కడే ఆపేద్దామనిపించింది. ఆపలేదు. అల్లుడి సంగతి తేలాలి కదా.

"మరి చివరి రేసు?" అన్నాను.

సెక్రెటరీ నావైపు చూడలేదు. టైము బల్ల వైపు చూశాడు.

ఆవిడ లేచి నిలబడింది. పైట సరిచేసుకుంది. బజారుకెళ్ళే ముందు ఏమేం తేవాలో చెప్పే గొంతుతో చెప్పింది.

"చివరి రేసు మార్పించింది నేను. కారణం కూడా చెప్పాలిగా. ఆయన కుడి చేతి వేళ్ళలో పట్టు లేదు. గ్లాసు పట్టుకోలేరు, గుండీ పెట్టుకోలేరు. ఆ చేత్తో బ్రేకు పడతారు. డాక్టరుకి చూపించేదాకా ఒక్క వారం ఆపండి అన్నయ్యా అని అడిగాను. చూపించలేదు. ఇంకో వారం అన్నాను. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వచ్చేశారని తర్వాత తెలిసింది. నేనడిగింది ఒక్క వారమే. తర్వాతవన్నీ ఆయన మార్చినవే."

కూర్చుంది.

ఎవరో ఒకరు నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. అందరూ నా చేతికేసి చూశారు. జేబులో పెట్టుకుందామంటే తీర్మానం కాగితం ఆ చేతిలోనే ఉంది.

ఆగస్టు 31

ఏమీ లేదు.

సెప్టెంబరు 1

గుండీలు నేనే పెట్టుకున్నాను. పై రెండూ వదిలేశాను, ఉక్కగా ఉంది.

ఇంట్లో మాటల్లేవు. అన్నం పెడుతుంది, తింటున్నాను. ఒకసారి నేనే నోరు తెరిచి, "నాతో చెప్పొచ్చుగా," అన్నాను. "ఏప్రిల్ నుంచి చెప్తూనే ఉన్నా," అంది. ఎప్పుడు చెప్పింది? చెప్పినట్టు గుర్తే లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి అన్నది చెప్పడమా?

పట్టు లేదట! రోజుకి ఎన్ని బోల్టులు బిగిస్తున్నానో ఎవరికి తెలుసు. జోడీ ఒకటీ అరా బిగిస్తాడు, అంతే.

సెప్టెంబరు 3

మెసేజ్ వచ్చింది. కొత్త పద్ధతిలో. "చివరి రేసు సెప్టెంబరు 21, ఆదివారం. మార్పు కోరినవారు: ఎవరూ లేరు."

ఇరవై ఒకటి నాకు డ్యూటీ లేదు. చూసి వేశాడు. ఇదిగో, నేను గెలిచాను. తేదీ వచ్చింది, పద్ధతి మారింది, కప్పు ఎదురుగా ఉంది. సంతోషంగా లేదెందుకో.

సెప్టెంబరు 7, ఆదివారం

ట్రాకు దగ్గర అల్లుడు కనిపించాడు. నాకోసమే వచ్చాడని నాకు తెలుసు. బైకు చుట్టూ రెండుసార్లు తిరిగి, చెయిను బాగుందన్నాడు, టైర్లు బాగున్నాయన్నాడు. "విషయం చెప్పరా," అన్నాను.

"బాబాయ్, కోప్పడకండి. ఆఖరి మలుపు దగ్గర మీరు నన్ను దాటలేదు. నేనే తప్పుకున్నా."

"ఏం కూశావ్?"

"బ్రేకు పడితే ఎవరి బండికైనా ముక్కు కిందికి దిగుతుంది. మీది దిగట్లేదు. రెండు రేసుల్లోనూ మీ పక్కనే ఉండి చూశా. ఏప్రిల్‌కి ముందు మీరూ పచ్చ బోర్డు దగ్గరే పట్టేవాళ్ళు. నేను మీ వెనకాల తిరిగే నేర్చుకున్నాగా ఆ మలుపు. ఇప్పుడు మీరు ఆలస్యంగా పడుతున్నారని అందరూ అనుకుంటున్నారు. మీరు అక్కడే పడుతున్నారు బాబాయ్. అది పట్టుకోవట్లేదు. బోర్డు దాటి ఎంతో దూరం పోయాక పట్టుకుంటోంది. నాకు భయమేసి బయటికి తప్పుకున్నా."

"మీ మామ పంపించాడా?"

"పంపిస్తే ముందే వచ్చేవాణ్ణి," అన్నాడు. "ఇరవై ఒకటిన నేను మీ పక్కన ఉండను. ముందన్నా ఉంటా, బాగా వెనకన్నా ఉంటా. అది చెప్దామనే వచ్చా."

నానా తిట్లూ తిట్టాను. తల వంచుకుని అన్నీ విని వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళాక బైకు తీశాను. బోర్డు దగ్గర బ్రేకు పట్టాను. నిజంగా బోర్డు దగ్గరే పట్టాను, కళ్ళారా చూస్తూ పట్టాను. బండి మలుపు దాటి ట్రాకు బయట పోసిన గులకరాళ్ళలోకి వెళ్ళి ఆగింది.

ప్యాడ్లు అరిగిపోయాయి. అదీ సంగతి. ప్యాడ్లు మార్చాలి.

సెప్టెంబరు 9

బ్రేకు ప్యాడ్లు మార్చాను. మంచి కంపెనీవి.

సెప్టెంబరు 12

మళ్ళీ గులకరాళ్ళే.

సెప్టెంబరు 13

కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందని షాపువాడన్నాడు. అనలేదు. నేనడిగితే, పట్టొచ్చేమోనండీ అన్నాడు.

సెప్టెంబరు 15

రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని ఆవిడకి చెప్పాను. అందరి నోళ్ళూ మూయించడానికి నాకొక కాగితం కావాలి. చెయ్యి బాగుందని డాక్టరు రాసిచ్చిన కాగితం క్లబ్బు గోడకి అంటిస్తాను. "నేనూ వస్తా," అంది. రమ్మన్నాను.

సెప్టెంబరు 16, మంగళవారం

చాలాసేపు కూర్చోబెట్టారు. టోకెను పిలిచే అబ్బాయి మా తర్వాత వచ్చినవాళ్ళని ముందు పంపాడు. ఎందుకని అడిగితే, వాళ్ళది అర్జెంటన్నాడు. ఇక్కడా ఇదే తంతు.

డాక్టరమ్మ చిన్నావిడ, మా అమ్మాయి వయసు. కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతులూ బల్లమీద పెట్టమంది. "కళ్ళు మూసుకోండి. దూదితో వేలి చివర తాకుతాను. తగలగానే ఆ అనండి. మధ్యలో కళ్ళు తెరవకూడదు."

ఎడమ చెయ్యి ముందు. ఆ, ఆ, ఆ, ఆ, ఆ. స్కూలు పిల్లాడిలా ఠకాఠకా చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉంది, వినాలని కాస్త గట్టిగానే అన్నాను.

"ఇప్పుడు కుడి చెయ్యి," అంది డాక్టరమ్మ.

బొటనవేలు దగ్గర ఆ అన్నాను. తర్వాత ఎదురుచూశాను. బయట ఎవరి ఫోనో మోగింది. డాక్టరమ్మ ఇంకో దూది తీసుకుంటోందేమో అనుకున్నాను. ఫోను ఆగింది. ఫ్యాను కిర్రుమంటోంది, దానికి నూనె వేయాలి. ఈవిడకి ఇదేం నిదానం, బయట అంతమంది కూర్చుని ఉంటే! నాకు చిరాకు పుట్టుకొచ్చింది. ప్రతిచోటా ఇంతే, ఎవరికీ టైముకి పని చేసే అలవాటు లేదు.

"మొదలుపెట్టండి డాక్టరమ్మా," అన్నాను.

పక్కన మా ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"కళ్ళు తెరవండి," అంది డాక్టరమ్మ. "అయిపోయింది. రెండుసార్లు చేశాను."

సెప్టెంబరు 17

మెడ దగ్గర నరం నలిగిందట. ఆపరేషను చేయాలి. ఏప్రిల్‌లోనే వచ్చి ఉంటే బాగుండేది, ఇప్పుడు పట్టు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనంది డాక్టరమ్మ. బైకు మాట ఎత్తితే తల అడ్డంగా ఊపింది.

పొద్దున ఆవిడ గుండీలు పెడుతుంటే కదలకుండా నిలబడ్డాను. "నువ్వు చెప్పావు. నేనే వినలేదు," అన్నాను. గుండీలు పెట్టడం అయ్యాక కూడా కాసేపు చొక్కా పట్టుకునే నిలబడింది.

తర్వాత సెక్రెటరీకి ఫోను చేశాను. మొత్తం చెప్పాను.

"ఒక పని చేద్దాం," అన్నాడు. "తేదీ మారుద్దాం. సీజను కూడా రెండు నెలలు పొడిగిద్దాం. నీ పేరు, కారణం రాసి అందరికీ పంపుతా. ఒక్కడు కూడా కాదనడు, నాది పూచీ."

"వద్దురా," అన్నాను. "ఇరవై ఒకటినే పెట్టు."

"నువ్వు లేకుండానా?"

"నేను లేకుండానే."